చప్పుడు చేయని గడియారం

మా బావ సోమలింగం యాభై రెండేళ్ల వయసులో మనసు పారేసుకున్నాడు. మనిషి మీద అయితే మా అక్క స్వరాజ్యం ఒక్క పూటలో తేల్చేసేది. పారేసుకున్నది చేతి గడియారం మీద. అందుకని వ్యవహారం రెండేళ్లు సాగింది. ఆ రెండేళ్లలో కరోనా వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. మా ఇంట్లో మాత్రం గడియారం ముచ్చటే నడిచింది.

నా పేరు రఘుపతి. సూరత్‌లో మనవాళ్ల పిల్లలకు తెలుగు బళ్లో లెక్కలు చెబుతాను. తాపీ నదికి అవతల అమ్రోలిలో ఉంటాను. నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఇందులో తప్పంతా నాదే అయిన చోటు ఒకటుంది.

బావ జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి పదిహేడో ఏట సూరత్ వచ్చాడు. మరమగ్గాలను మా వాళ్లు సాంచలంటారు. మొదట సాంచల కింద దుమ్ము ఊడ్చాడు, తర్వాత కండెలు చుట్టాడు, తర్వాత నేశాడు. ఇప్పుడు భేస్తాన్‌లో నలభై ఎనిమిది సాంచలున్న కార్ఖానాకు మాస్టర్. ఏ సాంచ మొరాయించినా బాగుచేసేది ఆయనే. ఆ నలభై ఎనిమిదీ ఒకేసారి నడుస్తుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకే లోపల ఎవరూ అరవరు. పెదవులు కదుపుతారు, చేతులు తిప్పుతారు. ఎదుటివాడు అర్థం చేసుకుంటాడు. కొత్తగా చేరినవాడు ఆరు నెలల్లో పెదవులు చదవడం నేర్చుకుంటాడు. బావకు ముప్పై అయిదేళ్ల అనుభవం.

ఇంకో సంగతి. సాంచల దగ్గర పనిచేసేవాళ్లు మణికట్టుకు ఏమీ ఉంచుకోరు. కడియం, దారం, గడియారం అన్నీ గుమ్మం బయటే. పెళ్లిలో మా నాయిన బావకు ఒక గడియారం పెట్టాడు. కొత్త మోజు కదా, మూడో రోజే కట్టుకుని లోపలికి వెళ్లాడు. దాని పట్టా వెళ్లి బెల్టులో చిక్కుకుంది. పట్టా తెగింది కాబట్టి చెయ్యి దక్కింది, గడియారం మాత్రం ముక్కలైంది. అప్పటి నుంచి ఆ చేతికి ఏదీ ఎక్కలేదు. ఎక్కవలసిన అవసరమూ లేదు. ఏ సాంచ మీద ఎన్ని మీటర్ల బట్ట దిగిందో ఒక చూపు చూసి, "పదకొండున్నర అయితుండొచ్చు" అంటాడు. ఫోన్ తీసి చూస్తే పదకొండు ముప్పై మూడు ఉంటుంది. అలాంటి మనిషికి గడియారం కావలసి వచ్చిందంటే ఎవరికైనా ఒళ్లు మండదా చెప్పండి.

అది 2020 జనవరి. కార్ఖానా యజమాని సేఠ్ పాత సాంచలు బేరం చేయడానికి బావను కారులో తీసుకెళ్తూ, దారిలో ఘోడ్‌దోడ్ రోడ్డులో ఒక గడియారాల దుకాణం ముందు ఆపాడు. కొడుకు పెళ్లికి కానుక కొనాలి. సేఠ్ బంగారు రంగుది, చుట్టూ రాళ్లు పొదిగినది, లోపల మూడు చిన్న చక్రాలు తిరిగేది కొన్నాడు. బావ ఏసీ చల్లదనంలో చేతులు కట్టుకుని నిలబడి, అద్దం కింద మూలకు పెట్టిన ఇంకొక దాన్ని చూశాడు.

తెల్లటి ముఖం. అంకెలు లేవు, వాటి చోట వెంట్రుకంత సన్నటి గీతలు. రెండే రెండు ముళ్లు, సెకన్ల ముల్లు కూడా లేదు. నల్లటి తోలు పట్టా. అంతే. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన కీర్తిభాయ్ మర్యాదస్తుడు. సేఠ్‌తో వచ్చిన పనివాడే కదా అనుకోకుండా, తీసి చేతిలో పెట్టాడు. బావ చొక్కా జేబులోంచి పోగులు లెక్కపెట్టే భూతద్దం తీశాడు. అది ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది, బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూసేందుకు. ఆ అద్దంతో పన్నెండు గీతలూ చూశాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నేను అక్కవాళ్ల ఇంట్లోనే ఉన్నాను. అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టకుండా చెప్పుకుపోయాడు.

"పువ్వులు, లతలు ఉన్న చీరెల ఒక పోగు తప్పినా ఎవనికి కనవడది రఘుపతీ. తెల్లటి సాదా బట్ట నేసి చూడు. ఒక్క పోగు తెగినా దూరంకెళ్లి కొట్టొచ్చినట్టు కనవడ్తది. అందుకే సాదాది నేసుడే కష్టం. గా గడియారంల ఒక్క పోగు తప్పలే."

"ఎంతట?" అన్నాను.

"లక్షా ఇరవై వేలు."

అక్క చేతిలో గరిటె ఆగింది. బావ మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు, ఆ దుకాణంలో.

"అస్సలు ముచ్చట అది గాదు. చావి ఇస్తే నడిచే మిషినది, సెల్లు గూడ లేదు. చెవు కాడ వెట్టుకున్న. సప్పుడే లేదు. ఆగిపోయిందేమో అనుకొని ముల్లునే చూసుకుంట నిలవడ్డ. ముల్లు జరిగింది. ముప్పయ్యైదేండ్ల సంది మిషిన్ల నడుమ బతుకుతున్న, సప్పుడు చెయ్యని మిషిని ఎన్నడు సూడలే."

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతా అన్నదట" అన్నాను నేను.

ఆయన నా మొహంకేసి చూసి నవ్వాడు. ఒక్కగానొక్క కూతురు సుమన పెళ్లి చేసుకుని ఇచ్ఛాపూర్‌లో సుఖంగా ఉంది. అల్లుడికి ఫ్యాక్టరీలో మంచి పని. భేస్తాన్‌లో రెండు గదుల ఇల్లు సొంతం. చిట్టీ ఎత్తిన డబ్బు బ్యాంకులో ఉంది. కొనలేని స్థితి కాదు. అదే నా భయం. కొనలేనివాడు ఆశపడితే నాలుగు రోజుల్లో మరిచిపోతాడు.

మార్చిలో లాక్‌డౌన్ పడింది. నలభై ఎనిమిది సాంచలూ ఆగాయి. భేస్తాన్ అంతా ఆగింది. మా వాళ్లు చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. బావ వెళ్లలేదు. సాంచలు ఆగి ఉంటే పడుగు వదులైపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, అందుకని సేఠ్‌ను అడిగి రెండు రోజులకొకసారి వెళ్లి నూనె పెట్టి వచ్చేవాడు. వచ్చి గడపలో కూర్చుని అనేవాడట, "దుకాణం బందున్నది. గా గడియారానికి చావి ఎవలిస్తున్నరో ఏమో." అక్క ఫోన్లో నాకు చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు. ఊళ్లో మనుషులకు తిండి లేకపోతే ఈయన గడియారానికి చావి గురించి బెంగపడుతున్నాడు.

అప్పుడే ఇంకొకటి జరిగింది. అప్పట్లో నాకు అది పట్టలేదు. ఆ నిశ్శబ్దంలో భేస్తాన్‌లో కోయిల కూసింది. వీధి వీధంతా దాని గురించే. ముప్పై ఏళ్లలో సాంచల హోరు కింద ఆ పిట్ట ఉందని కూడా ఎవరికీ తెలియదు. అక్క బావను డాబా మీదికి తీసుకెళ్లి, "ఇగో, ఇంటున్నవా?" అంటే ఆయన చెట్టుకేసి చూసి "ఏడున్నది?" అన్నాడట. అక్క వేలు పెట్టి చూపించింది. పిట్ట కనపడగానే "మంచిగున్నది" అన్నాడు.

జూన్ దాటాక సాంచలు మెల్లగా మొదలయ్యాయి. మాస్కు లేకుండా లోపలికి రానిచ్చేవారు కాదు. పెదవులు కప్పేస్తే ఇక మాటలెక్కడివి. అందరూ చేతులతోనే నెట్టుకొచ్చారు. మాస్కుతో లోపల ఎవరి మాటా ఎవరికీ అందదు కనుక, బయట కూడా లోకమంతా అలాగే ఉందని మా బావ అనుకున్నాడు. కిరాణా కొట్టువాడు, బ్యాంకు గుమాస్తా, డాక్టరు, ఎవరు మాస్కు వెనక ఏమన్నా వాళ్ల మాట ఎవరికీ వినపడటం లేదనీ, అందరూ మర్యాద కోసం తలలు ఊపుతున్నారనీ ఆయన లెక్క. ఆయనా మర్యాద గల మనిషే. తల ఊపేవాడు.

దీపావళికి సేఠ్ బోనస్ ఇచ్చాడు. "ఈసారి కొంటున్న" అని బావ చెప్పాడని అక్క ఫోన్ చేసింది. ఆమె గొంతులో కోపం లేదు, అది నాకు ఇంకా మండింది. తాపీ దాటి వెళ్లాను. నాకు షుగర్, అందుకని మాస్కు ఒకటి మీద ఒకటి రెండు పెట్టుకుని గడప బయటే నిలబడ్డాను. బావ లోపల కుర్చీలో ఉన్నాడు. పావుగంట పాటు చెప్పాను. పొద్దున లేస్తే నూనెలో చేతులు పెట్టేవాడికి లక్ష రూపాయల గడియారం ఎందుకన్నాను. పనిలోకి కట్టుకోకూడదు, ఇంట్లో కట్టుకుంటే చూసేవాడు లేడు, ఇక బీరువాలో పెట్టుకుని దండం పెట్టుకుంటావా అన్నాను. రేపు మళ్లీ రోగం వస్తే, సాంచలు మళ్లీ ఆగితే గడియారం నంజుకు తింటావా అని కూడా అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

బావ నవ్వుతూ విన్నాడు. నేను ఆగిన ప్రతిసారీ తల ఊపి, "అట్లనే, అట్లనే" అన్నాడు. చివర్లో "మంచిగ చెప్పినవ్ రఘుపతీ" అన్నాడు. నేను గెలిచానని సంతోషంగా అమ్రోలి వెళ్లిపోయాను.

తర్వాతి ఆదివారమే ఆయన ఘోడ్‌దోడ్ రోడ్డుకు వెళ్లి అయిదు వేలు బయానా కట్టి వచ్చాడు.

తెలిసి నా ఒళ్లు భగ్గుమంది. మొహం మీద అట్లనే అని, వెనక్కి తిరగ్గానే బయానా కడతాడా. వద్దని ఎదురు తిరిగితే అది వేరు, తల ఊపి మోసం చేయడమేమిటి. అక్కకు ఫోన్ చేసి, "మీ ఆయనకు ఎంత చెప్పినా చెవిటోని ముందర శంఖమూదినట్టే. ఇగ మీ ఇంటి గడప తొక్క" అని పెట్టేశాను. అయిదు నెలలు వెళ్లలేదు. పండగకు పిలిస్తే వెళ్లలేదు, సుమన కొడుకు పుట్టినరోజుకు వెళ్లలేదు. ఫోన్లో పిల్లలకు లెక్కలు చెబుతూ, మధ్య మధ్యలో బావ మీద పళ్లు కొరుకుతూ గడిపాను.

ఏప్రిల్‌లో రెండో విడత వచ్చింది. దుకాణాలు మళ్లీ మూతపడ్డాయి. ఈసారి మా అక్కకు తగిలింది. అదృష్టం, ఊపిరికి ఇబ్బంది రాలేదు. ఇంట్లోనే ఉండమన్నారు. ఆమె లోపలి గదిలో మంచం మీద, బావ రెండు గదుల మధ్య తలుపు దగ్గర కుర్చీ వేసుకుని. ఆమె మూతికి పగలంతా మాస్కు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన ముందు ఆమె మొహం కప్పుకుని మాట్లాడటం అదే మొదటిసారి.

మూడో రోజు మధ్యాహ్నం ఆమెకు జ్వరం పెరిగింది. గొంతు ఎండిపోతోంది. "జర వేడినీళ్లు తెస్తవా?" అంది. ఆయన ఆమెనే చూస్తున్నాడు, తల ఊపాడు, కదల్లేదు. మళ్లీ అంది. మళ్లీ తల ఊపాడు. మూడోసారి గట్టిగా అరిచింది, ఆ ఓపికలో ఎంత గట్టిగా అరవగలదో అంత. ఆయన ప్రేమగా నవ్వి, మళ్లీ తల ఊపాడు. అక్కకు ఏడుపొచ్చింది. కోపంలో మాస్కు కిందికి లాగింది. లాగాక గొంతు పెగల్లేదు. వట్టి పెదవులు మాత్రం కదిలాయి, ఊపిరి కూడా లేకుండా. వేడినీళ్లు.

బావ దిగ్గున లేచి వెళ్లి వేడినీళ్లు తెచ్చాడు.

ఆమె ఆ గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదట. మాస్కు మళ్లీ పైకి లాక్కుని, గొంతు సవరించుకుని "నా పేరేంది?" అని అడిగింది. ఆయన తల ఊపాడు. మాస్కు దించి, చప్పుడు లేకుండా అదే అడిగింది. "స్వరాజ్యం. ఎందుకు, జొరం నెత్తికెక్కిందా?" అన్నాడు.

గంట తర్వాత నాకు ఫోన్ వచ్చింది. "తమ్మీ, మీ బావకు చెవులు ఇనవడ్తలేవురా. ఎన్నేండ్ల సందో ఏమో. మన మూతులు చూసి మాట్లాడుతుండు." అంతే అంది, ఇక ఏడుస్తూనే ఉంది.

నాకు గడప బయట రెండు మాస్కులతో నిలబడి నేను చేసిన ఉపన్యాసం గుర్తొచ్చింది. పావుగంట. ఒక్క మాట ఆయనకు చేరలేదు. శంఖం సామెత కూడా గుర్తొచ్చింది. నాలుక కోసుకుందామనిపించింది. నేను లెక్కల మాస్టారిని. ముందు బెంచీలో పిల్లవాడు పలకకపోతే చెవి నొప్పా, కన్ను మసకా అని అడిగి చూస్తాను. సొంత బావ దగ్గర ఆ మాత్రం చేయలేకపోయాను.

పదిహేను రోజులు ఆగి, అక్క లేచి తిరుగుతోందని తెలిశాక వెళ్లాను. గడప బయటే దూరంగా నిలబడి, భయపడుతూనే మాస్కు తీశాను.

"తప్పయింది బావా. అయిదు నెలలు మాట్లాడలేదు."

"దేనికి తప్పు?" అన్నాడాయన. "కరోనా కదా, ఎవలింటికి ఎవలొస్తున్నరు."

అయిదు నెలలు నేను అలిగానని ఆయనకు తెలియనే తెలియదు. అంత కోపమూ వృథా అయిపోయింది.

జూన్‌లో చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. గాజు గదిలో కూర్చోబెట్టి చప్పుళ్లు వినిపించారు. రెండు చెవులూ సగానికి పైగా పోయాయి, సన్నటి శబ్దాలు అసలే అందడం లేదు. సాంచల దగ్గర ఇన్నేళ్లు పనిచేసినవాళ్లకు ఇది మామూలేనని డాక్టరు చెప్పింది. పనిలోకి వెళ్లినప్పుడు చెవులకు రక్షణ పెట్టుకోవాలి, ఇంట్లో మిషను పెట్టుకోవాలి. రెండు చెవులకూ మంచి రకం మిషన్లు లక్షా పదివేలు.

బావ ఆ అంకె ఆమె పెదవుల మీద చదివాడు. జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ జేబులో భూతద్దం పక్కన గడియారం బయానా చీటీ ఉంది. రెండూ కొనే శక్తి ఆయనకు లేదు. ఒకటే.

అక్కడి నుంచి మూడు నెలలు తర్జనభర్జన.

"నాకేం తక్కువైంది?" అనేవాడు. "సాంచ ఖరాబైతే అరికాలికి తెలుస్తది. మనుషులు మాట్లాడితే మూతి చూస్త. ఇంక ఇనవడేదేమున్నది, ఉత్త లొల్లి. గా గడియారం ముప్పయ్యైదేండ్లల నాకోసమని అడిగిన ఒక్క వస్తువు."

నిజంగానే ఆయన తనకోసం ఏమీ అడిగిన మనిషి కాదు. చెప్పులు తెగితే కుట్టించుకునే రకం. నేను మనసులో రెండు వైపులా వాదించుకుని ఏ వైపూ తేల్చలేకపోయాను. సుమన చెవులన్నది, అల్లుడు చెవులన్నాడు. మా అక్క ఒక్కతే వేరే మాటంది.

"గడియారమే కొనుక్కో. నీకు మనసైంది. నాదేమున్నది, ముప్పయ్యేండ్ల సంది నీ ముందటికొచ్చే మాట్లాడుతున్న. ఇంకిన్నేండ్లు గట్లనే మాట్లాడుత."

ఆమె ఎత్తిపొడవలేదు. మామూలుగా అని, బియ్యం ఏరుకోవడానికి వెళ్లిపోయింది. 'ముందటికొచ్చే' అన్న ఆ ఒక్క మాట బావ పట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఆయన పొద్దున్నుంచీ కుర్చీలోంచి లేవకుండా మా అక్కను చూస్తూ కూర్చున్నాడు. అంగుళానికి పోగులు లెక్కపెట్టడం అలవాటైన మనిషి కదా, లెక్కపెట్టాడు. ఆమె వంటగదిలోంచి ఏదైనా చెప్పాలంటే మంట తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుని, మోకాలు నొప్పితో కుంటుకుంటూ ఆయన ముందుకొచ్చి నిలబడి చెబుతోంది. ఉప్పయిపోయిందని ఒకసారి. పాలవాడు రాలేదని ఒకసారి. కూర రుచి చూడమని, సుమన ఫోన్ చేసిందని, వాన వచ్చేలా ఉందని. ఎప్పటి నుంచి ఇలా అలవాటు పడిందో ఆమెకే తెలియదు. పొద్దు గూకేసరికి నలభై ఒకటి అయ్యాయి.

సోమవారం పొద్దున షిఫ్టు ఎక్కే ముందు నాకు ఫోన్ చేశాడు. "రఘుపతీ, నలభై ఒక్కసారి" అన్నాడు. ఆయన ఫోన్లో నా జవాబు వినలేడు, చెప్పి పెట్టేస్తాడు. "మీ అక్క మోకాళ్లు అరిగింది నాకోసమేరా. చెవులే కొంట."

చెవులకు మిషన్లు వచ్చాయి. మొదటి రెండు వారాలు విసుక్కున్నాడు. గిన్నెలు ఇంత మోతా, ఫ్యాన్ ఇంత అరుస్తుందా, రఘుపతి ఇంత గట్టిగా మాట్లాడతాడా అన్నాడు. చివరిదానికి అక్క పడీ పడీ నవ్వింది. తర్వాత తర్వాత అలవాటు పడ్డాడు. దసరా దాటాక ఒక ఆదివారం, "బయానా వాపస్ తెచ్చుకుందాం పా" అన్నాడు. ఇద్దరం ఘోడ్‌దోడ్ రోడ్డుకు వెళ్లాం.

కీర్తిభాయ్ గుర్తుపట్టాడు. భూతద్దంతో గడియారం చూసినవాడిని ఎవరు మరిచిపోతారు. మాస్కు వెనక నుంచే, "ఆవో సోమ్‌భాయ్, మీది పక్కన పెట్టే ఉంచాను" అన్నాడు హిందీలో. బావ ఆ మాట విని మామూలుగా జవాబిచ్చాడు. మాస్కు వెనక మాటకు ఆయన జవాబివ్వడం నేను చూస్తూ నిలబడ్డాను.

బావ సంగతంతా చెప్పాడు. కీర్తిభాయ్ నొచ్చుకోలేదు, వెంటనే డబ్బు తీసి ఇచ్చాడు. ఇచ్చి, "ఆఖరుసారి చూస్తారా?" అని గడియారం బయటికి తీసి, చావి తిప్పి, బావ చేతిలో పెట్టాడు. బావ దాన్ని వెనకా ముందూ చూశాడు. భూతద్దం తీయలేదు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

మొహం మారింది.

"గిది ఖరాబైంది" అన్నాడు నాతో. తర్వాత హిందీలో కీర్తిభాయ్‌తో, "ఇది అది కాదు. అప్పుడు చప్పుడు లేదు" అన్నాడు.

"అదే ఇది. దీనికెప్పుడూ ఈ చప్పుడు ఉంది సోమ్‌భాయ్. చావి గడియారాలన్నింటికీ ఉంటుంది" అన్నాడాయన.

బావ చెవిలోంచి మిషను తీసి, గడియారం మళ్లీ పెట్టుకున్నాడు. మిషను తగిలించుకుని ఇంకోసారి పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. నాకు అప్పుడు అర్థమైంది. లోకంలో చప్పుడు చేయని మిషను ఒకటుందని ఈ మనిషి రెండేళ్లు మురిసిపోయాడు. ఆ నిశ్శబ్దం గడియారంలో లేదు. నేను ఆయన మొహం చూడలేక పక్క అద్దాల వైపు తిరిగాను.

మళ్లీ ఇటు తిరిగి చూస్తే బావ కళ్లు మూసుకుని వింటున్నాడు. కుడికాలి బొటనవేలు చెప్పులో కదులుతోంది. సాంచ వేగం పట్టేటప్పుడు అలా చేస్తాడు.

"మా నాలుగో నంబరు కొత్త సాంచ సరిగ్గ గిట్లనే కొడ్తది" అన్నాడు కళ్లు తెరిచి. "నిమిషానికి మూడు వందల అరవై దెబ్బలు."

కీర్తిభాయ్‌కు చెబితే ఆయన నమ్మలేదు. లోపలికెళ్లి మరమ్మతు చేసేవాడిని అడిగి వచ్చాడు. గంటకు ఇరవయ్యొక్క వేల ఆరు వందలట. నేను అరవైతో భాగించాను. మూడు వందల అరవై. చెవులు పోయినా, తిరిగొచ్చినా, ఆయన లెక్క తప్పలేదు.

బావకు నవ్వొచ్చింది. నవ్వాగక కౌంటర్ పట్టుకున్నాడు. "ముప్పయ్యైదేండ్లు సాంచల నడుమ గడిపితిని. ఇగ లక్షా ఇరవై వేలు వెట్టి చేతికి గూడ సాంచ కట్టుకోవాల్నా?" అన్నాడు. గడియారాన్ని రెండు చేతులతో కీర్తిభాయ్‌కి అప్పగించి, "చావి ఇస్తుండండి, ఆపకండి" అని చెప్పి బయటికి నడిచాడు.

ఆటోలో భేస్తాన్ దాకా హుషారుగా ఉన్నాడు. సగం దారిలో అడిగాడు.

"దీపావళికి వచ్చి గడప కాడ నిలవడి మస్తుసేపు చెప్పినవ్ కదా. ఏం చెప్పినవ్?"

మాస్కు సర్దుకున్నాను. "మనసైంది కదా, కొనుక్కో బావా అన్న."

ఆయన చెయ్యి చాచి నా మాస్కు కిందికి లాగి, నా మొహం చూశాడు. "చెవులు కొత్తయి గని, కండ్లు పాతయే బామ్మర్ది" అని, మాస్కు తిరిగి పైకి పెట్టేశాడు. ఆ తర్వాత దాని మాట ఎన్నడూ ఎత్తలేదు.

ఇంటికి వెళ్లేసరికి అక్క పొయ్యి ముందు నిలబడి జొన్నరొట్టెలు చేస్తోంది. మా అలికిడికి అలవాటు కొద్దీ మంట తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుని ఇటు తిరగబోయింది. అంతలో ఆగింది. మళ్లీ పెనం వైపే తిరిగి, మంట పెద్దది చేసుకుంది.

"ఏమాయె? కొన్నవా?" అంది, మాకు వీపు పెట్టే.

"లేదు. గది సప్పుడు జేస్తున్నది, వద్దన్న" అన్నాడు బావ గడపలో చెప్పులు విప్పుతూ.

అక్క రొట్టె తిప్పింది. ఈసారి గొంతు తగ్గించి, "చాయ వెట్టాల్నా?" అంది.

"పెట్టు. రఘుపతికి సక్కెర వెయ్యకు."

నేను ముందు గదిలో మంచం మీద కూర్చున్నాను. బావ వెళ్లి వంటగది తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. అక్క అటు తిరిగే ఉంది, మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది. ఇంకా గొంతు తగ్గించి ఏదో అడిగింది. ఆయన విన్నాడు. నవ్వి, అంతే మెల్లగా జవాబు చెప్పాడు.

ఏమడిగిందో నాకు వినపడలేదు. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది గాని, ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.